ఎర్ర స్టిక్కరు పడ్డ కంప్యూటరు

ఉదయం ఏడూ నలభైకి హాల్లోంచి మా ఆవిడ కేక.

“ఏమండీ! పెద్దాయన లేవడం లేదు!”

బ్రష్షు నోట్లో ఉండగానే పరిగెత్తాను. ఏమీ తెలియనివాడు ఎలా పరిగెత్తుతాడో ముందురోజే ఆలోచించి పెట్టుకున్నాను కాబట్టి, దారిలో ఒక చెప్పు కూడా వదిలేశాను.

కంగారు పడకండి. పెద్దాయన మా నాన్న కాదు, మామగారూ కాదు. మా హాల్లో కిటికీ పక్కన పదిహేనేళ్లుగా ఉంటున్న డెస్క్‌టాప్ కంప్యూటరు. ఫ్యాను తిరుగుతోంది. ముందున్న నీలం లైటు వెలుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది. ఊపిరి ఆడుతోంది కానీ పిలిస్తే పలకడం లేదు.

“పదకొండింటికి సభ,” అంది పద్మావతి. “నా షీటు ఇందులోనే ఉంది.”

“అయ్యయ్యో!” అన్నాను. పేస్టు నురగ వెళ్లి బల్ల మీద పడింది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే నన్ను తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. నురగ తుడిచి, కంప్యూటరు పెట్టె మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలి కొన చూసుకుంది. తరవాత కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది.

ఆ వేలి సంగతి నాకు రెండు గంటల తరవాత గానీ అర్థం కాలేదు.

షీటంటే ఏమిటో చెప్పాలి. మేముండేది గడ్డపోతారం ఊరి చివర కాలనీలో. నేను పనిచేసే కంపెనీ అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. పేరు చెప్పను, ఇంకా అందులోనే ఉన్నాను. మందుబిళ్లల్లో వేసే పొడి తయారుచేస్తుంది. దేశమంతా జ్వరాలు తగ్గిస్తుంది. మా చుట్టుపక్కల తెప్పిస్తుంది కూడా.

తొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దున మా బోరు కుళాయిలోంచి నీళ్లకు బదులు టీ వచ్చింది. రంగు టీది, వాసన మాత్రం కాలిన ప్లాస్టిక్‌ది. ఆ రోజు పద్మావతి మా అమ్మాయి హర్షిణి చేత కంప్యూటర్లో ఒక షీటు తెరిపించింది. తారీఖు, నీళ్ల రంగు, గాలి వాసన, ఎవరికి ఏమైంది. నాలుగు గళ్లు. ఆ రోజు నుంచి ప్రతిరోజూ ఆరింటికి లేచి, కుళాయి తిప్పి చూసి, ఇంటి పని కాస్త తెమిలాక ఒక వరస రాస్తుంది. మా పెళ్లిరోజున కూడా రాసింది. “రంగు: ఎరుపు. వాసన: ఘాటు. ఎవరికి: మా ఆయనకి దగ్గు.” నాకు అందిన కానుక అదే.

ఇప్పుడు కంపెనీ రెండో యూనిట్ కడతానంటోంది. దానికి ముందు ఊళ్లో సభ పెట్టి జనం మాట వినాలని రూలు. మాట్లాడేవాళ్ల జాబితాలో మొదటి పేరు పద్మావతిది. ఆ షీటు అధికారుల చేతికి ఇస్తానని కూడా రాసిచ్చింది.

సోమవారం మా ప్లాంట్ హెడ్ శ్రావణ్‌కుమార్ నన్ను గదిలోకి పిలిచి, తన చేత్తో టీ కప్పు అందించాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అది మొదటిసారి. అప్పుడే లేచి పారిపోవాల్సింది.

“మేడమ్ సభల మాట్లాడ్తదట గద సార్,” అన్నాడు.

“అవునండీ. వద్దని చెప్పాను. ఆవిడ వినదు.”

“మాట్లాడనీయండి. మంచిదే.” ఆయన తన కప్పులో చక్కెర కలుపుతూ నవ్వాడు. “మీ ఇంట్ల కంప్యూటర్ బాగ పాతదట కద. పాతవి ఎప్పుడు పోతయో ఎవరు జెప్తరు?”

అంతే అన్నాడు. బెదిరించలేదు. ఆ టీ మాత్రం నాకు రెండు రోజులు అరగలేదు.

బుధవారం సాయంత్రం పద్మావతి అలా వెళ్లొస్తానని బయటికి వెళ్లింది. నేను స్క్రూడ్రైవర్ తీశాను. పెద్దాయన పక్క మూత విప్పి, ర్యామ్ స్టిక్కులు రెండూ పీకేశాను. వేలెడు పొడుగు పచ్చ రేకులు. అవి లేకపోతే ఎంత గొప్ప కంప్యూటరైనా ఫ్యాను తిప్పుకుంటూ కూర్చోవాల్సిందే. నాలో దుర్మార్గుడు ఉన్నాడు కానీ పూర్తిగా లేడు. హార్డ్ డిస్కు జోలికి పోలేదు. సభ అయిపోయాక మళ్లీ పెట్టేద్దాం, “అరె, దానంతటదే లేచిందే!” అందాం అనుకున్నాను. స్టిక్కులు నా ఫ్యాక్టరీ బూటులో దాచాను.

పెద్దాయన లోపల ఏది ఎక్కడుందో నాకెలా తెలుసంటే, మా అనుబంధం అలాంటిది. పటాన్‌చెరులో అజీజ్ ఒక్క బల్లతో దుకాణం తెరిచిన కొత్తలో, విడిభాగాలు ఏరి కట్టించాను. మూడేళ్లకు పిడుగు పడి మదర్‌బోర్డు పోయింది. మార్చాం. లావు మానిటరు తీసేసి పలచటిది పెట్టాం. ర్యామ్ రెండుసార్లు పెంచాం. హార్డ్ డిస్కు గరగరమంటే కొత్తది వేయించాం. లాక్‌డౌన్‌లో, చురుగ్గా లేవడానికి ఎస్ఎస్‌డీ. మొన్న వేసవిలో పవర్ సప్లై. మొదటిరోజు నుంచీ మారనిది ఆ ఇనప పెట్టె ఒక్కటే. దాని బటను లోపలికి పోయింది, అగ్గిపుల్లతో పొడవాలి.

“కొత్తది కొనుక్కోవచ్చు కదా,” అనేది హర్షిణి. ఇప్పుడు రుద్రారం హాస్టల్లో ఉండి ల్యాప్‌టాప్ మీద చదువుకుంటోంది.

“కొత్తదే కదా!” అనేవాణ్ణి నేను. “పెట్టె తప్ప అన్నీ కొత్తవే.”

సరే, గురువారం పొద్దుటికి వద్దాం. కాఫీ తెచ్చిచ్చి పద్మావతి ఫోను తీసింది.

“అజీజ్‌ని పిలుస్తున్నా.”

అజీజ్ వస్తే మూత తీస్తాడు. మూత తీస్తే రెండే రెండు నిమిషాలు. నాకు కావాల్సింది మూడు గంటలు. అలాంటప్పుడు మనిషికి తన వృత్తే దిక్కు.

“ఆగు! ఎవరూ ముట్టుకోకూడదు. ఇది డివియేషన్!”

మా కంపెనీలో ఒక మిషన్ ఆగినా, ఒక బల్బు మాడినా దాన్ని డివియేషన్ అంటారు. దానికి పదకొండు పేజీల ఫారం ఉంటుంది. ఫారం నిండేదాకా ఆ వస్తువు మీద చెయ్యి వేయకూడదు. ఆ ఫారాలు నింపించడమే నా ఉద్యోగం. నేను డాక్యుమెంట్ల సెక్షన్. మా కంపెనీలో జరిగింది జరిగినట్టా కాదా అనేది నా బల్ల మీద తేలుతుంది.

లోపలికి వెళ్లి ఆఫీసు సంచీలోంచి ఫారం, ఎర్ర స్టిక్కరు తెచ్చాను. స్టిక్కరు మీద ‘ఆపబడినది’ అని ఉంటుంది. పెద్దాయన నుదుటి మీద అంటించాను.

పద్మావతి చూసింది. “దీనికి మీరు ఎర్ర స్టిక్కరు వేశారు.”

“పద్ధతి.”

“తొమ్మిదేళ్లుగా ఆ బోరుకి వేయలేదేం?”

ఆ ప్రశ్నకు నా ఫారంలో గడి లేదు.

అజీజ్ ఇల్లు మా వెనక వీధే. పావుగంటలో సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. వస్తూనే ఎర్ర స్టిక్కరు చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

“సలాం సార్. గిదేంది సార్, జప్తు చేసిన్రా ఏంది?”

“కూర్చో అజీజ్ భాయ్. విచారణ.”

“జెర మూత తీసి సూస్త. రెండు నిమిషాల పని.”

“మూత చివర్న. ముందు ప్రశ్నలు. ఈ మిషన్‌ను చివరిసారి తాకిన బయటి వ్యక్తి ఎవరు?”

“నేనే సార్. పవర్ సప్లై ఏసిన గద మొన్న.”

“అంటే నువ్వే.”

“నేనే అన్న గద సార్.”

“రాసుకుంటున్నాను.”

అజీజ్ పద్మావతి వైపు చూశాడు. “అక్కా, సార్ తబియత్ మంచిగుందా?”

“రాసుకోనీ భాయ్,” అంది ఆవిడ, తలుపుకి ఆనుకుని. “ఎంతదాకా రాస్తారో చూద్దాం.”

నేను రాశాను. పుట్టిన తేదీ రాశాను, చదువు రాశాను. స్క్రూడ్రైవర్‌ను ఎప్పుడైనా పరీక్ష చేయించావా అని అడిగాను. స్క్రూడ్రైవర్‌కు పరీక్షేంది సార్, గది టెన్త్ తప్పిందా అన్నాడు. ఎనిమిదిన్నర అయింది. రెండో పేజీలో ఉన్నాం. మనసులో హాయిగా ఉంది.

అప్పుడు మల్లవ్వ వచ్చింది. మా పక్క సందులో ఉంటుంది. ఆమె భర్త పెద్దరాములు ఒకప్పుడు కాలనీ అంతటికీ మంచినీళ్ల క్యాన్లు మోసేవాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు సంగారెడ్డి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు. మల్లవ్వ చేతిలో రెండు లీటర్ల సీసా ఉంది. అందులో ఆ పొద్దున బోరు నీళ్లు. కొంచెం అల్లం వేస్తే తాగేయొచ్చన్నట్టు ఉన్నాయి.

“పద్మమ్మా, పోదమా? జల్దీ పోతె ముంగట కూసోవచ్చు.” ఆమె హాలంతా చూసింది. “ఏందమ్మా, సారు కంప్యూటరుకు పంచాయితి పెట్టిండా?”

“అది లేవడం లేదు మల్లవ్వా. మన కాగితాలు అందులోనే ఉన్నాయి.”

మల్లవ్వ సీసా నేల మీద పెట్టి తనూ పక్కనే కూలబడింది. “అయ్యో బిడ్డా! మా ఆయన తారీకులన్ని గండ్లనె గద. గా డాక్టరు ఎన్నటికెల్లి అని అడిగితె నాకు యాదికి రాదు. పద్మమ్మ కాడ ఉన్నయి అని చెప్పిన.”

నేను తల ఫారంలోకి దించి, అప్పటికే నిండిన గడిని మళ్లీ నింపాను.

తొమ్మిదింపావుకి మూడో పేజీ. కారణం ఏమిటి అనే గడి. ఏదో ఒకటి రాయాలి. ఖాళీగా వదిలేయడం నా జన్మలో లేదు. రాశాను: ‘బయటి వ్యక్తి నిర్లక్ష్యం. నాసిరకం పవర్ సప్లై.’ ఆ పేజీ విడదీసి, కింద సంతకానికి చోటు చూపించి అజీజ్ ముందు పెట్టాను.

అతను తెలుగు కూడబలుక్కుని చదివాడు. రెండుసార్లు చదివాడు. ముఖంలో నవ్వు పోయింది.

“సార్. పదిహేనేండ్ల సంది నా బిడ్డ లెక్క సూసుకున్న దీన్ని. నా చెయ్యి పడ్డ మిషన్ ఇంతవరకు వాపస్ రాలే. గీ కాయితం కాలనీల తిరిగితె నా దుకాణం సంగతేంది?”

“ఇది ఇంట్లోనే ఉంటుంది భాయ్. పద్ధతి కోసం.”

“పద్ధతి కోసం నేను తప్పు చేసిన్నని ఒప్పుకోవాల్నా?”

“మా దగ్గర అందరూ ఒప్పుకుంటారు.”

నిజమే. కంపెనీలో అలాంటి కాగితాల మీద ఒడిశా నుంచీ బీహార్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు చదవకుండా సంతకాలు పెట్టేవాళ్లు. ఎవరూ అజీజ్‌లా కాగితం పట్టుకుని నా వైపు చూసేవాళ్లు కాదు.

“చేస్త,” అన్నాడు చివరికి. “గని ఒక్కసారి మూత తీసి సూసినంక. నిజంగ నా పవర్ సప్లై పోతె, సంతకం కాదు, వేలిముద్ర గూడ ఏస్త.”

“ఫారం ఇంకా ఎనిమిది పేజీలు...”

“తీయి భాయ్,” అంది పద్మావతి.

అజీజ్ ఎర్ర స్టిక్కరు ఒలిచి నా ఫారానికే అంటించాడు. పెట్టెను వెనక్కి తిప్పి స్క్రూడ్రైవర్ పెట్టబోయి ఆగాడు.

“అక్కా, ఇగ సూడు. నాలుగు స్క్రూలున్నయి.”

“అయితే?” అన్నాను నేను.

“నేను రెండే బిగిస్త సార్. పదిహేనేండ్ల సంది రెండే. గీ లైన్ల ఎవరు జూసినా రెండే బిగిస్తరు. మిగిలిన రెండు పెట్టెల అడుగున పడుంటయి. గవ్వి దేవులాడి తీసి, నాలుగుకు నాలుగు బిగించిన్రు. ఎవరో బాగ పద్ధతి ఉన్న మనిషి.”

పద్మావతి తన చూపుడు వేలు ఎత్తి చూపించింది. “పొద్దున్నే చూశాను. పదిహేనేళ్లుగా నేను తుడవని పెట్టె మీద ఒక్క రవ్వ దుమ్ము లేదు.”

చూశారా నా ఖర్మ. ఇరవై రెండేళ్లుగా మిషన్ మూసేముందు తుడవండి, స్క్రూలు లెక్క చూడండి అని అందరి ప్రాణాలు తీశాను. దొంగతనం చేసేటప్పుడు కూడా చెయ్యి ఊరుకోలేదు.

మూత వచ్చేసింది. అజీజ్ టార్చి వేశాడు. ఒక్క క్షణం.

“ర్యామ్ లేదు.”

పెద్దాయన ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

“దొంగ...” అన్నాను. “దొంగలెవరో...”

“తలుపుకి తాళం, కిటికీకి ఊచలు,” అంది పద్మావతి. “నగలు వదిలేసి, టీవీ వదిలేసి, ర్యామ్ తీసుకుని, దుమ్ము తుడిచి, స్క్రూలు బిగించి వెళ్లాడా? అలాంటి దొంగ దొరికితే ఇంట్లో పనికి పెట్టుకుంటా.”

మల్లవ్వ ఫక్కున నవ్వింది. ఆ రోజు మా ఇంట్లో వినబడిన ఆఖరి నవ్వు అది.

పద్మావతి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నా చేతిలోంచి ఫారం, పెన్ను తీసుకుంది. నాలుగో పేజీ తిప్పింది.

“ఐదు ఎందుకులు,” అని చదివింది. “ఇది మీరే నాకు చెప్పారు. తప్పు జరిగితే ఎందుకు అని ఐదుసార్లు అడగాలి. నాలుగింటి దగ్గర ఆగితే అబద్ధం దొరుకుతుంది, ఐదో దాని దగ్గర నిజం దొరుకుతుంది. అంతేనా?”

“అది కంపెనీలో...”

“మొదటిది. కంప్యూటరు ఎందుకు లేవలేదు?”

“ర్యామ్ లేక.”

“రాశా. రెండు. ర్యామ్ ఎందుకు లేదు?”

అజీజ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీలోంచి కంపెనీ పొగగొట్టం కనబడుతుంది, అది నాకేం సాయం చేయలేదు.

“నేను తీశాను.”

“ఎక్కడుంది?”

“బూటులో.”

“అది ప్రశ్న కాదు, లెక్కలోకి రాదు. మూడు. ఎందుకు తీశారు?”

“నువ్వు షీటు తీసుకెళ్లకూడదని.”

“నాలుగు. ఎందుకు?”

“శ్రావణ్‌కుమార్ టీ ఇచ్చాడు. మీ కంప్యూటరు పాతది కదా అన్నాడు. పద్మా, ఈ వయసులో ఉద్యోగం పోతే నన్నెవరు తీసుకుంటారు? నాకేమన్నా ఎస్ఎస్‌డీ వేయించి కొత్తవాణ్ణి చేస్తారా?”

జోకు వేశానండీ. అలాంటప్పుడు కూడా వేశాను. ఎవరూ నవ్వలేదు. నాకూ రాలేదు.

ఆవిడ నాలుగో గడిలో రాసింది. రాయడం ఆపి నా ముఖంలోకి చూసింది.

“అక్కడితో ఆగొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం. నేను నమ్మేదాన్నే. కానీ ఉద్యోగం పోతుందని మీరు ఇంతకుముందు చాలాసార్లు భయపడ్డారు. అప్పుడు వచ్చి నాకు చెప్పేవారు. దొంగతనం చేసేవారు కాదు. ఐదు. నా షీటంటే మీకు ఎందుకు భయం?”

గడియారం పదికి పది తక్కువ చూపిస్తోంది. నేను మల్లవ్వను బయటికి వెళ్లమని చెప్పాలనుకున్నాను. ఏ మొహంతో చెప్పను?

“అందులో తారీఖులున్నాయి,” అన్నాను. “నీళ్లు ఎర్రగా వచ్చిన తారీఖులు. కంపెనీలో ట్యాంకు రిజిస్టర్ ఉంటుంది. బయటికి వదిలే నీళ్లు ఎలా ఉన్నాయో రోజూ చూసి రాయాలి. ఆ తారీఖులన్నిటిలోనూ ‘నార్మల్’ అని ఉంటుంది.”

“ఎవరు రాశారు?”

“నేను.”

“ట్యాంకు చూసేనా?”

“ట్యాంకు ఎక్కడుందో కూడా నాకు సరిగా తెలియదు పద్మా. ఏసీ గదిలో కూర్చుని నెలకొకసారి ముప్పై రోజులవీ రాసేసేవాణ్ణి. ఒకే రోజు రాసినట్టు కనబడకుండా మూడు పెన్నులు మార్చేవాణ్ణి.”

మా నీళ్లు ఎర్రగా వచ్చిన రోజు పొద్దున ఆవిడ ‘ఎరుపు’ అని రాసేది. అదే నెలాఖరున నేను అదే రోజుకి ‘నార్మల్’ అని రాసేవాణ్ణి. తొమ్మిదేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం.

మల్లవ్వ నెమ్మదిగా లేచింది. సీసా చేతిలోకి తీసుకుంది.

“నువ్వా సారూ?” అంది. గట్టిగా కూడా కాదు. “మా ఆయన మీ ఇంటికి క్యాను తెస్తె, మెట్లెక్కొస్తివి అని పైస ఎక్కువ ఇస్తుంటివి గద. మంచి సారు అంటుండె.”

ఆమె నన్ను తిడితే బాగుండేది.

పద్మావతి ఐదో గడి కూడా నింపింది. నింపి, ఫారం మడిచి తన సంచీలో పెట్టుకుంది. ఆ సంచీలోంచి దారంతో కుట్టిన కాగితాల కట్ట ఒకటి బయటికి కనబడింది. మొదటి పేజీ మీద తారీఖు, రంగు, వాసన, ఎవరికి ఏమైంది.

నేను కళ్లు నలుపుకున్నాను. “ప్రింటు... ఎక్కడ...”

“నిన్న సాయంత్రం నేను వెళ్లింది జులేఖా ఇంటికి. అక్కడ తీశా.”

జులేఖా అజీజ్ భార్య. బట్టలు కుడుతుంది.

“వాళ్లింట్లో కంప్యూటరు లేదు కదా!”

అజీజ్ చెవి వెనక గోక్కున్నాడు. “ఉన్నది సార్. ఎనిమిదేండ్ల సంది ఉన్నది. మీరు ఎప్పుడు అప్‌గ్రేడ్ అన్నా, తీసిన సామాను అక్క పారెయ్యనియ్యలే. నీ దగ్గర్నే పెట్టు భాయ్ అన్నది. పాత మానిటర్, పాత ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పిడుగు పడ్డ మదర్‌బోర్డ్ గూడ రిపేర్ చేసిన. పెట్టె ఒక్కటి లేకుండె. జులేఖా కుట్టు మిషన్ కింద అట్టపెట్టెల బిగించిన.”

“ప్రతి శుక్రవారం వెళ్లి వారం రోజులవి అందులో ఎక్కిస్తాను,” అంది పద్మావతి. “మన ఇంట్లో ఉన్నది మీరు మార్చింది. అక్కడ ఉన్నది మీరు తీసేసింది. అసలు పెద్దాయన అక్కడే ఉన్నాడు.”

నేను బల్ల మీది కంప్యూటర్ వైపు చూశాను. నేను పీకేసింది ఎవరి ప్రాణమో నాకే తెలియలేదు.

“మరి పొద్దున్న ఎందుకు కేక వేశావు? అజీజ్‌ని ఎందుకు పిలిచావు? రెండు గంటలు నన్నెందుకు రాయనిచ్చావు?”

“మీ అంతట మీరే చెబుతారేమోనని,” అంది. “భాయ్ మీదికి తోసే వరకూ ఆశ ఉండింది.”

సంచీ భుజాన వేసుకుని మల్లవ్వ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. అజీజ్ తన సామాను సర్దుకున్నాడు. తన సంతకం కోసం నేను విడదీసిన మూడో పేజీ బల్ల మీదే ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి వాళ్ల వెనకే నడిచాడు.

నేనూ వెళ్లాలి. సభకు వచ్చిన ఉద్యోగులకు హాజరు వేస్తామన్నారు. కంపెనీ ఇచ్చిన పచ్చ టీషర్టు తొడుక్కున్నాను. వీపు మీద ‘పచ్చదనం మా ప్రాణం’ అని ఉంటుంది. బూట్లు వేసుకుంటుంటే ఎడమ కాలి బొటనవేలికి ర్యామ్ గుచ్చుకుంది.

సభ కంపెనీ వెనక ఖాళీ స్థలంలో. షామియానా కింద నాలుగు వందల కుర్చీలు, అందులో మూడు వందలు మా పచ్చ టీషర్టులే. ఒక పక్క బిర్యానీ పొట్లాలు పేర్చి ఉన్నాయి. కమ్మటి వాసన వస్తోంది. గాలి మళ్లినప్పుడల్లా దాన్ని కాలిన ప్లాస్టిక్ వాసన మింగేస్తోంది. అలవాటైన ముక్కులు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పద్మావతి మాట్లాడింది. ఎక్కువ మాట్లాడలేదు. కట్ట అధికారి ముందు పెట్టింది. నూట పన్నెండు రోజులు ఎర్ర నీళ్లు వచ్చాయని చెప్పింది. మల్లవ్వ సీసా బల్ల మీద పెట్టింది. కట్టలో పెద్దరాములు పేరు ఉన్న పేజీలన్నీ మూలలు మడిచి ఉన్నాయి.

తరవాత శ్రావణ్‌కుమార్ లేచాడు. వెనక ఇద్దరు మనుషులు రిజిస్టర్లు మోసుకొచ్చారు.

“సార్, ఇవి మా తొమ్మిదేండ్ల రికార్డులు. ప్రతిరోజు చూసి రాసినవి. మేడమ్ గారిది ఇంట్ల రాసుకున్న షీటు. ఇంట్ల కంప్యూటర్ల ఏమన్నా రాసుకోవచ్చు సార్. ఆమె హస్బెండ్ మా ఉద్యోగే, గిక్కడనే ఉన్నడు. కావాల్నంటే ఆయన్నే అడగండి.”

పచ్చ టీషర్టుల్లోంచి నవ్వులు. ఎవరో నన్ను వెనక నుంచి తోశారు. నడిచాను. మైకు నా చేతికి వచ్చింది.

అధికారి కళ్లజోడు సర్దుకుని కట్టలో ఒక తారీఖు చూశాడు. రిజిస్టర్ తిప్పాడు. ఇంకో తారీఖు. ఇంకో రిజిస్టర్.

“నార్మల్,” అన్నాడు. “ఇదీ నార్మల్. ఇదీ.” రిజిస్టర్ నా వైపు తిప్పాడు. “ఏ పేజీలో చూసినా ఒకే సంతకం. చదవడానికి రావడం లేదు. మీరు అక్కడే పనిచేస్తారు కదా. ఎవరిది ఇది?”

నోరు తెరిచాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. మాట రావడం లేదు. మైకులో నా ఊపిరి షామియానా అంతా వినబడింది. పక్కన శ్రావణ్‌కుమార్ చిన్నగా దగ్గాడు.

“ఎవరిదండీ?” అన్నాడు అధికారి మళ్లీ.

ముందు వరసలోంచి పద్మావతి లేచి వచ్చింది. నా చేతిలోంచి మైకు తీసుకుంది. బలవంతంగా కాదు. కాఫీ గ్లాసు తీసుకున్నట్టు తీసుకుంది.

పాతికేళ్ల కాపురంలో ఆవిడ నోటి వెంట నా పేరు నేను వినలేదు. మా వాళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. హర్షిణి పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు అడిగితే కాగితం మీద రాసి చూపించింది. జనాభా లెక్కల వాళ్లు వస్తే తలుపు మీది పలక చూపించింది.

“చెప్పండమ్మా,” అన్నాడు అధికారి. “రికార్డులో రాయాలి. పేరు?”

ఆవిడ నా వైపు చూసింది. ఇంకా ఒక్క క్షణం ఆగింది, నాకోసమే. నేను తల దించుకున్నాను.

“వేమవరపు సూర్యప్రకాశరావు,” అంది.